తెలంగాణ జిల్లాల పటం: ఎస్‌వీజీ ఫైల్‌ను టైప్‌స్క్రిప్ట్‌లోకి తెచ్చిన డైరీ

మొదలు

చేస్తున్నది చిన్న పనే. తెలంగాణ 33 జిల్లాల పటం వెబ్ పేజీలో కనబడాలి. ఏదైనా జిల్లా మీద నొక్కితే దాని పేరు, జిల్లా కేంద్రం, ఏ పాత జిల్లాలోంచి విడిపోయి వచ్చిందో పక్కన రావాలి. బడిపిల్లల కోసం అనుకున్నా గానీ గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లే ఎక్కువ వాడతారేమో.

రియాక్ట్ (పేజీని చిన్న చిన్న కాంపొనెంట్లుగా కట్టే లైబ్రరీ), టైప్‌స్క్రిప్ట్ (ఏ విలువ ఏ రకమో, అంటే ఏ టైపో రాసిపెట్టుకునే జావాస్క్రిప్ట్), వీట్ (ఫైళ్లన్నీ కూర్చి బ్రౌజర్‌కు ఇచ్చే బండ్లర్) వాడుతున్నా. పటం ఎస్‌వీజీలోనే, అంటే చుక్కలతో కాక గీతలు, ఆకారాలతో రాసిన బొమ్మ ఫైల్‌లోనే ఉండాలని ముందే తేల్చుకున్నా. ఫోన్‌లో రెండు వేళ్లతో ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. అంతకన్నా ముఖ్యం, ప్రతి జిల్లా విడి ఆకారంగా ఉంటుంది కాబట్టి దేనికి కావాలంటే దానికి రంగు మార్చొచ్చు, ఎక్కడ నొక్కారో పట్టుకోవచ్చు. ఇది జేపీజీతో అయ్యే పని కాదు.

కోడ్ ముక్కలు అతికించడం లేదు. ఏ ఫైల్‌లో ఏం రాశానో మాటల్లోనే చెప్తా.

శనివారం

పటం ఇంకా చేతికి రాలేదు. వరంగల్‌లో డీటీపీ చేసే అన్న ఒకాయన కోరల్‌డ్రాలో గీస్తున్నాడు. ఈలోగా చిన్న లోగో ఫైల్‌తో దారి చూసుకుందామని, దాన్ని కోడ్‌లోకి తెచ్చే ఇంపోర్ట్ లైన్ రాశా. వెంటనే ఎడిటర్‌లో ఎర్రగీత వచ్చింది. ఎర్రర్ నంబరు 2307: ఈ మాడ్యూల్ (ఇంపోర్ట్ చేయబోయిన ఫైల్) గానీ, దాని టైప్ వివరాలు గానీ దొరకలేదట. బ్రౌజర్‌లో చూస్తే లోగో నిక్షేపంగా ఉంది.

ఇందులో వింతేమీ లేదు. వీట్ డెవ్ సర్వర్ టైపులను తనిఖీ చేయదు. టైపులను ఊడదీసి జావాస్క్రిప్ట్‌గా మార్చి బ్రౌజర్‌కు పంపేస్తుంది. ఎస్‌వీజీ ఇంపోర్ట్ కనబడితే దాని అడ్రస్ తెచ్చి పెడుతుంది. టైపులు చూసేది టైప్‌స్క్రిప్ట్ కంపైలర్, అంటే టీఎస్‌సీ. దానికి టీఎస్, టీఎస్ఎక్స్, జేఎస్ లాంటి ఫైళ్లు తెలుసు గానీ ఎస్‌వీజీ అంటే ఏమిటో తెలియదు. ఒకే లైన్‌ను ఇద్దరూ చదువుతారు, కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఈ ప్రాజెక్టులో నాకు తగిలిన చిక్కుల్లో సగానికి పైగా ఇక్కడివే.

వీట్ ఇచ్చే టైప్‌స్క్రిప్ట్ టెంప్లేట్‌తో మొదలుపెడితే ఈ ఎర్రగీత రాదు. అందులో వీట్ క్లయింట్ టైపులను పిలిచే లైన్ ఒకటి ముందే ఉంటుంది. నేను పాత జావాస్క్రిప్ట్ ప్రాజెక్టును మారుస్తున్నా కాబట్టి అది లేదు. ఆ ఒక్క లైన్ చేర్చి ముందుకు పోవచ్చు. కానీ అందులో ఏం రాసి ఉందో చూడాలనిపించి, ముందు సొంతంగా రాశా.

సోర్స్ ఫోల్డర్‌లో డాట్ డీ డాట్ టీఎస్ ఫైల్ ఒకటి, అంటే టైప్ వివరాలు మాత్రమే ఉండే డిక్లరేషన్ ఫైల్. అందులో డిక్లేర్ మాడ్యూల్, ఆ పక్కన కోట్స్‌లో స్టార్ డాట్ ఎస్‌వీజీ. లోపల ఒక స్ట్రింగ్, దాన్ని డిఫాల్ట్ ఎక్స్‌పోర్ట్ చేయడం. పేరులో స్టార్ వాడుకునే ఈ వీలు 2016లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 2.0 నుంచి ఉంది. ఎర్రగీత పోయింది.

ఈ ఫైల్ పెట్టాక కూడా ఎర్రగీత పోకపోతే రెండు చోట్ల చూడాలి. ఒకటి, టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల ఫైల్ టీఎస్‌కాన్ఫిగ్‌లోని ఇంక్లూడ్. వీట్ టెంప్లేట్‌లో అది సోర్స్ ఫోల్డర్‌ను మాత్రమే చూస్తుంది, బయట ప్రాజెక్టు మొదట్లో పెట్టిన డిక్లరేషన్ దాని కంటికి ఆనదు. రెండోది కాస్త కుటిలమైనది. రియాక్ట్ టైపులు కావాలని ఆ డిక్లరేషన్ ఫైల్ పైన ఒక ఇంపోర్ట్ లైన్ రాస్తే ఆ ఫైల్ మొత్తం మాడ్యూల్‌గా మారిపోతుంది. అప్పుడు స్టార్ డిక్లరేషన్ ప్రాజెక్టంతటికీ వర్తించడం మానేస్తుంది. ఇంపోర్ట్‌ను డిక్లేర్ మాడ్యూల్ బ్రాకెట్ల లోపలికి జరిపితే సరి. రెండూ సరిగ్గానే ఉన్నా గీత పోకపోతే వీఎస్ కోడ్‌లో టీఎస్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయడమే.

ఆదివారం పొద్దున

ఎర్రగీత పోయింది సరే, దాని బదులు ఏం వచ్చిందో చూద్దామని లోగో ఫైల్ పేరులో ఒక అక్షరం కావాలని తప్పు రాశా. టీఎస్‌సీ నడిపితే ఒక్క మాట అనలేదు. లేని ఫైల్‌ను ఇంపోర్ట్ చేస్తున్నా, కంపైలర్‌కు అంతా బాగానే ఉంది!

ఎందుకంటే స్టార్ డాట్ ఎస్‌వీజీ అని రాయడంలో ఎక్కడా తనిఖీ లేదు. "ఎస్‌వీజీతో ముగిసే ఏ పేరైనా సరే, స్ట్రింగే వస్తుంది, నన్ను నమ్ము" అని కంపైలర్‌కు మనం ఇచ్చే హామీ అది. ఫైల్ ఉందా, తెరిస్తే అందులో ఏముంది, బండ్లర్ దాన్ని నిజంగా స్ట్రింగ్‌గానే ఇస్తుందా, ఇవేవీ అది చూడదు. తప్పు పేరును చివరికి పట్టుకున్నది వీట్ బిల్డ్. నెక్స్ట్ జేఎస్ (రియాక్ట్ మీద కట్టిన ఇంకో పనిముట్టు) వాళ్లయితే ఇంకా నిజాయితీగా ఉన్నారు: వాళ్ల ఇమేజ్ టైపుల ఫైల్‌లో పీఎన్‌జీ, జేపీజీలకు సరైన టైప్ ఇచ్చి, ఎస్‌వీజీకి మాత్రం ఎనీ, అంటే ఏదైనా సరే అని వదిలేశారు. ప్లగిన్‌ను బట్టి ఏం వస్తుందో మారుతుంది, గొడవ వద్దని పక్కనే కామెంట్ కూడా రాశారు.

ఇక ఆ స్ట్రింగ్ సంగతి. వీట్‌లో ఎస్‌వీజీ పేరు చివర ఏమీ పెట్టకపోతే వచ్చేది ఫైల్ అడ్రస్. ప్రశ్నార్థకం పెట్టి రా అంటే ఫైల్ లోపలి మొత్తం పాఠం. రెండింటి టైపూ స్ట్రింగే. ఇంటి నంబరు, ఇంట్లోని సామాను రెండింటినీ ఒకే సంచిలో వేసినట్టు. ఇమేజ్ ట్యాగ్‌లో అడ్రస్ పెట్టాల్సిన చోట పాఠం పెట్టినా కంపైలర్‌కు పట్టదు.

మూడో రూపం కూడా ఉంది. బిల్డ్ చేసేటప్పుడు 4 కేబీ కన్నా చిన్న ఫైళ్లను వీట్ విడిగా ఉంచకుండా డేటా యూఆర్ఎల్‌గా, అంటే బొమ్మనంతా అడ్రస్ రూపంలోనే రాసి, కోడ్‌లోనే కలిపేస్తుంది. నా లోగో ఆ కోవలోకే వచ్చింది. దాన్ని స్టైల్‌లో బ్యాక్‌గ్రౌండ్‌గా వాడుతూ యూఆర్ఎల్ బ్రాకెట్లలో నేరుగా పెడితే డెవ్ సర్వర్‌లో కనబడింది, బిల్డ్‌లో మాయమైంది. ఆ డేటా యూఆర్ఎల్ లోపల సింగిల్ కోట్స్ ఉంటాయి, కాబట్టి స్టైల్ అక్కడే విరిగిపోతుంది. బ్రాకెట్లలో డబుల్ కోట్స్ పెట్టి అందులో ఉంచాలని వీట్ డాక్యుమెంట్లలోనే రాసి ఉంది. ఇక్కడా టైప్ స్ట్రింగే, టీఎస్‌సీ మౌనమే.

మంగళవారం రాత్రి

పటానికి అడ్రస్ పనికిరాదు. ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టిన ఎస్‌వీజీ లోపలికి పేజీ స్టైళ్లు పోవు, లోపలి ఆకారాల మీద నొక్కినా పేజీకి తెలియదు, పేజీలో దించిన ఫాంట్లు దానికి అందవు. కాబట్టి పటాన్ని రియాక్ట్ కాంపొనెంట్‌గా మార్చి పేజీలోనే పరచాలి. దానికి ఎస్‌వీజీఆర్ అనే పనిముట్టు ఉంది. ఎస్‌వీజీలోని స్ట్రోక్-విడ్త్, ఫిల్-రూల్ లాంటి హైఫన్ పేర్లను రియాక్ట్‌కు నచ్చే కలిపిన పేర్లుగా మార్చేదీ అదే. వీట్‌కు దాని ప్లగిన్ వేరుగా వేసుకోవాలి.

నెట్‌లో దొరికే పాఠాల్లో సగం పాతవి. క్రియేట్ రియాక్ట్ యాప్ రోజుల్లో కర్లీ బ్రాకెట్లలో రియాక్ట్ కాంపొనెంట్ అనే పేరుతో తెచ్చుకునేవాళ్లు. ఆ పనిముట్టును 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే పక్కనబెట్టేసింది. వీట్ ప్లగిన్ కూడా నాలుగో వెర్షన్ నుంచి పద్ధతి మార్చి, ఫైల్ పేరు చివర ప్రశ్నార్థకం, రియాక్ట్ అని రాయమంటోంది. పాత పాఠంలోని డిక్లరేషన్‌ను కొత్త ప్లగిన్ పక్కన పెడితే టీఎస్‌సీ హాయిగా ఒప్పుకుంటుంది. బ్రౌజర్ మాత్రం ఆ పేరుతో ఎక్స్‌పోర్ట్ ఏదీ లేదని చెప్పి తెల్ల పేజీ చూపిస్తుంది. డిఫాల్ట్ ఇంపోర్ట్‌కు కాంపొనెంట్ అని టైప్ రాసి, చివర ప్రశ్నార్థకం మరిచిపోతే ఇంకో రకం: ఫైల్ అడ్రస్‌నే ట్యాగ్ పేరనుకుని రియాక్ట్ ఎలిమెంట్ చేయబోతుంది, "ఇది చెల్లే ట్యాగ్ పేరు కాదు" అని బ్రౌజర్ విసుక్కుంటుంది. కన్సోల్‌లో ఈ ఎర్రర్ కనబడితే ఇంకెక్కడా వెతకొద్దు, ఇంపోర్ట్ లైన్‌కే పోవాలి.

ప్లగిన్‌తో వచ్చే టైపుల్లోనూ ఒక చిన్న మెలిక ఉంది. కాంపొనెంట్‌కు టైటిల్ ఇవ్వొచ్చని అవి చెప్తాయి. కంటిచూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కు పటం పేరు చెప్పాలి కాబట్టి ఇచ్చా. అది టైటిల్ ఎలిమెంట్‌గా మారాలంటే కాన్ఫిగ్‌లో టైటిల్‌ప్రాప్ అనే ఆప్షన్ ఆన్ చేయాలి. చేయకపోతే ఎస్‌వీజీ ట్యాగ్‌కు ఏ ప్రయోజనమూ లేని అట్రిబ్యూట్‌గా మిగులుతుంది. టైపుకు కాన్ఫిగ్‌లో ఏముందో తెలియదు కదా.

గురువారం

పటం వాట్సాప్‌లో వచ్చింది. తెరిస్తే సరిహద్దులు బ్రహ్మాండంగా ఉన్నాయి. జిల్లాల పేర్లున్న చోట మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి ఉన్నాయి. ఫోన్ చేశా.

"అన్నా, పేర్లన్నీ పిచ్చిపిచ్చిగ వస్తున్నయ్."

"నీ సిస్టంల అనూ లేదు గద తమ్మీ, గట్లనే వస్తది. కర్వ్స్ చేసి పంపాల్నా?"

"పేర్లు అసలే వద్దన్నా. గీతలు ఉంటే చాలు. కానీ ఒక్కో జిల్లా ఆకారానికి ఆబ్జెక్ట్ మేనేజర్ల పేరు పెట్టాలె, ఇంగ్లిష్ల."

"33 జిల్లాలకు పెట్టాల్నా?"

"పెట్టాలె అన్నా."

"మంచిది. హన్మకొండకు వచ్చినప్పుడు ఛాయ్ నీదే."

ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు చేసేవాళ్లతో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. అనూ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చి ఉంటాయి. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు, లేనిచోట గజిబిజి. అచ్చుకు పోయేటప్పుడు అందుకే అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఉత్త గీతల్లోకి మార్చి పంపుతారు. లోగోకు నేనూ అదే అడిగా, ఎందుకంటే దాన్ని ఇమేజ్ ట్యాగ్‌లోనే వాడతా. పటంలో పేర్లకు మాత్రం కర్వ్స్ వద్దు. కర్వ్స్ చేస్తే అది బొమ్మే, వెతికితే దొరకదు, స్క్రీన్ రీడర్ చదవదు. పేర్లను నేనే యూనికోడ్‌లో, మండలి ఫాంట్‌తో పటం మీద రాస్తా. పటం పేజీలోనే పరిచి ఉంటుంది కాబట్టి పేజీ ఫాంట్ దానికి అందుతుంది.

శనివారం

కొత్త ఫైల్ వచ్చింది, పేర్లు పెట్టి పంపాడు. ఫైల్‌ను టెక్స్ట్‌గా తెరిచి చదివా. కోరల్‌డ్రా నుంచి వచ్చిన ఎస్‌వీజీని గుర్తుపట్టడం తేలిక. లేయర్ పేరులో ఖాళీ ఉన్న చోట ఎక్స్0020 అని ఉంటుంది, రంగుల క్లాసులకు ఫిల్0, ఫిల్1 అని, గీతలకు స్ట్ర్0 అని పేర్లుంటాయి, అవన్నీ పైన ఒక స్టైల్ బ్లాక్‌లో ఉంటాయి.

ఆ క్లాసుల దగ్గరే దెబ్బ. పేజీలో పరిచిన ఎస్‌వీజీలోని స్టైల్ బ్లాక్ ఆ ఎస్‌వీజీకే పరిమితం కాదు, పేజీ అంతటికీ వర్తిస్తుంది. పటమూ, పక్కన వాడిన చార్మినార్ బొమ్మా రెండూ అదే అన్న గీసినవి, రెండింటిలోనూ ఫిల్0 ఉంది. రెండోది పేజీలోకి రాగానే మొదటి దాని రంగు మారిపోయింది. ఐడీలతోనూ ఇదే తంటా. ఎస్‌వీజీ ఫైళ్లను కుదించే ఎస్‌వీజీఓ అనే పనిముట్టు ఐడీలను ఏ, బీ అని పొట్టి చేస్తుంది. రెండు బొమ్మల గ్రేడియెంట్లకూ ఏ అనే పేరే వస్తే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది.

ఎస్‌వీజీఓలోనే ప్రిఫిక్స్ ఐడీస్ అనే ప్లగిన్ ఉంది. ఐడీలకూ, క్లాసులకూ ముందు ఫైల్ పేరు తగిలిస్తుంది. వీట్ ప్లగిన్‌లో ఎస్‌వీజీఓ దానంతటది నడవదు, కాన్ఫిగ్‌లో విడిగా చేర్చాలి. చేర్చా. రంగుల గొడవ తీరింది. ఇంకోటి తెగింది: ములుగు అనే ఐడీని వెతికే నా కోడ్‌కు ఇప్పుడు ఆ ఐడీ దొరకదు, ముందు ఫైల్ పేరు తగిలి ఉంది కదా.

అందుకే జిల్లా గుర్తును ఐడీలో ఉంచడం మానేశా. చిన్న స్క్రిప్ట్ రాసి, ఐడీలో ఉన్న పేరును డేటా-జిల్లా అనే అట్రిబ్యూట్‌లోకి మార్చా. డేటా- తో మొదలయ్యేవాటిని ఎస్‌వీజీఓ ముట్టుకోదు. పనిలో పనిగా వ్యూబాక్స్ (బొమ్మ కొలతల చట్రం) కూడా చూసుకున్నా. ఎస్‌వీజీఓ మూడో వెర్షన్ దాకా, వెడల్పు ఎత్తులతో సరిపోలిన వ్యూబాక్స్‌ను అనవసరమని తీసేసేది. అది పోతే పటం ఫోన్ తెరకు తగ్గట్టు కుదించుకోదు, సగం బయటికి పోతుంది. నాలుగో వెర్షన్‌లో ఆ అలవాటు మాన్పించారు. మూడులో ఉన్నవాళ్లు రిమూవ్ వ్యూబాక్స్‌ను ఆఫ్ చేసుకోవాలి.

ఆదివారం

ఇప్పటిదాకా చేసిందంతా కంపైలర్ నోరు మూయించడమే. దానికి నిజంగా చూసే పని ఏదైనా ఇవ్వాలనుకున్నా.

2023లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 5.0లో అలౌ ఆర్బిట్రరీ ఎక్స్‌టెన్షన్స్ అనే ఆప్షన్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే, తెలంగాణ డాట్ ఎస్‌వీజీ ఇంపోర్ట్ కనబడినప్పుడు పక్కనే తెలంగాణ డాట్ డీ డాట్ ఎస్‌వీజీ డాట్ టీఎస్ అనే ఫైల్ ఉందేమో కంపైలర్ చూస్తుంది. అంటే ఎస్‌వీజీలన్నిటికీ కలిపి ఒక హామీ కాకుండా, ఒక్కో ఫైల్‌కు దాని సొంత టైప్. నాకు ఇది స్టార్ కన్నా ఎంతో నచ్చింది. ఎక్కువ మంది వాడకపోవడానికి కారణం ఉంది, ప్రతి బొమ్మకూ పక్కన ఇంకో ఫైల్ మొలుస్తుంది. వందల ఐకాన్లున్న ప్రాజెక్టుకు నేనూ చెప్పను.

ఆ ఫైల్‌ను చేత్తో రాస్తే మళ్లీ హామీయే అవుతుంది. అందుకే నిన్నటి స్క్రిప్ట్‌తోనే రాయించా. ఎస్‌వీజీలోని డేటా-జిల్లా విలువలన్నీ ఏరి, వాటితో జిల్లాఐడీ అనే యూనియన్ టైప్ (ఈ పేర్లలో ఏదో ఒకటే చెల్లుతుందనే టైప్) కట్టి, ఆ డిక్లరేషన్ ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. నా కోడ్‌లో పటం ఫైల్ నుంచే ఇంపోర్ట్ టైప్ అని జిల్లాఐడీని తెచ్చుకుంటా. టైప్ కాబట్టి బిల్డ్‌లో ఆ లైన్ మాయమవుతుంది, వీట్‌కు దానితో పనే లేదు.

ఒక షరతు. వీట్ క్లయింట్ టైపుల్లో కూడా స్టార్ డాట్ ఎస్‌వీజీ ఉంది. అది ఉన్నంతకాలం తప్పు పేరు రాస్తే కంపైలర్ ఆ స్టార్ మీద వాలిపోయి ఊరుకుంటుంది. కాబట్టి నేను రాసిన స్టార్‌ను తీసేసి, క్లయింట్ లైన్ బదులు వీట్ టైపుల్లోంచి ఇంపోర్ట్ మెటా భాగాన్ని మాత్రమే పిలిచా. ఇప్పుడు ఫైల్ పేరులో అక్షరం తప్పితే 2307 మళ్లీ వస్తోంది. ఈసారి చూస్తే సంతోషంగా ఉంది. ప్రశ్నార్థకం, రియాక్ట్ ఉన్న ఇంపోర్ట్‌కు మాత్రం ప్లగిన్ ఇచ్చిన స్టార్ అలాగే ఉంచా, అక్కడ తప్పు రాస్తే బిల్డ్ పట్టుకోవాల్సిందే.

బుధవారం

జిల్లా వివరాల పట్టికను జిల్లాఐడీ కీలుగా రికార్డ్ టైప్‌తో రాశా. ఏ జిల్లా తప్పిపోయినా టీఎస్‌సీ పేరు పెట్టి చెప్తుంది. కీలు తెలుగులోనే ఉంటే బాగుంటుందని మొదట అలాగే ప్రయత్నించా, టైప్‌స్క్రిప్ట్‌కు అభ్యంతరం లేదు. అభ్యంతరం మన కీబోర్డులతో వచ్చింది. వరంగల్ అనే పేరు ఈ యూనియన్‌లో చెల్లదు, కావాల్సింది వరంగల్ అని ఎర్రర్. రెండూ అచ్చం ఒకటే! ఒకదాని చివర కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉంది. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. మహబూబ్‌నగర్‌లో అది కావాల్సిందే, లేకపోతే నకారం బకారం కింద ఒత్తుగా చేరుతుంది. యూనికోడ్ నార్మలైజేషన్ కూడా దాన్ని తీసేయదు. కీలు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోకి మార్చి, తెలుగు పేరును విలువగా పెట్టా.

ఆ తర్వాత వచ్చిన ఎర్రర్ అసలైనది. పటంలో ఒక జిల్లా పేరు వరంగల్ అర్బన్ అని ఉంది, నా పట్టికలో హన్మకొండ. అన్న తన దగ్గరున్న పాత ఫైల్ నుంచే పేర్లు తీసుకున్నాడన్నమాట. 2016 అక్టోబర్ 11న జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి, 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హన్మకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. కంపైలర్‌కు ఈ చరిత్ర తెలియకపోయినా పేర్లు కలవలేదని చెప్పింది. ఎస్‌వీజీ లోపలి సంగతిని టీఎస్‌సీ పట్టుకోవడం ఇదే మొదటిసారి.

ఆ ఊపులో వరంగల్ వరుస కూడా చూశా. అక్కడ ఎర్రర్ ఏమీ లేదు. ఉండదు కూడా. నేను ఒక పాత పట్టికలోంచి తెచ్చిన వివరాలు 2016కు ముందున్న పెద్ద వరంగల్ జిల్లావి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ అందులోనే ఉండేవి. పటంలోని వరంగల్ ఇప్పటి చిన్న జిల్లా. కీ ఒకటే, స్ట్రింగ్ ఒకటే, నేల వేరు. దీనికి ఏ యూనియన్ టైపూ అడ్డుపడదు. చేయగలిగిందల్లా వివరాల టైపులో "ఏ తేదీ నాటి సరిహద్దు" అనే గడిని తప్పనిసరి చేయడం. చేశాక 33 వరుసలూ ఎర్రబడ్డాయి. రెండు రాత్రులకు సరిపడా పని. వరంగల్, మహబూబ్‌నగర్ పూర్తయ్యాయి. ఆదిలాబాద్ నుంచి మొదలుపెట్టాలి. జయశంకర్ భూపాలపల్లి లాంటి పొడుగు పేర్లు, హైదరాబాద్ లాంటి చిన్న ఆకారాలు, వీటి పేర్లు ఎక్కడ రాయాలన్నది ఆ తర్వాత.